పదిమంది పరీక్షకులు - ఒక్క మార్కు
(భారీ హైబ్రిడ్ మోటారు వాహనాన్ని అంచనా కట్టడం ఎలా?)

అంధగజ న్యాయం మన విద్యార్థులందరికీ పరిచితమైనదే. ఏనుగు కాలిని తడిమినవాడు అది స్తంభమన్నాడు. చెవిని తడిమినవాడు చేట అన్నాడు. తోక చేతికి అందినవాడు తాడు అన్నాడు. పదమూడవ శతాబ్దికి చెందిన మౌలానా జలాలుద్దీన్ రూమీ తన మస్నవీలో ఇటువంటి కథనే చెప్పినాడు. కాని ఆయన కథలో మనుషులు గుడ్డివారు కారు. ఏనుగును కట్టివేసిన ఇల్లు చీకటిది. ప్రతివాని చేతిలో ఒక దీపం ఉండినట్లయితే వారి మధ్య ఈ వివాదమే ఉండేది కాదని ఆయన తాత్పర్యం.

ఈ కథను విన్నవారెవరూ అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. స్తంభం, చేట, తాడు - ఈ మూడింటినీ కూడి మూడు చేత భాగించినట్లయితే ఏనుగు వస్తుందా? ప్రశ్న హాస్యంగా తోచవచ్చును. కాని నేడు లోకంలో అనేక వస్తువులకు, సంస్థలకు, మనుషులకు సైతం విలువ కట్టే పద్ధతి ఇంచుమించు ఇదే. పలువురు నిపుణులు తలా ఒక మార్కు వేస్తారు. ఎవరో ఒకరు వాటిని కలిపి ‘పదికి 8.4’ అని ఒక్క అంకెగా ప్రకటిస్తారు. ఆ అంకెను చూచి లక్షలాది ప్రజలు నిర్ణయాలు చేస్తారు. ఆ అంకె ఎట్లా పుడుతుంది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అనే విషయాన్ని ఒక ఉదాహరణ ద్వారా వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

ఉదాహరణకు నేను ఎన్నుకొన్నది అమెరికాలో ‘ఎస్‌యూవీ’ అని పిలిచే భారీ విలాస వాహనం, అందులోనూ హైబ్రిడ్ రకం. మనలో దానిని కొనగలవారు అరుదు. అయినప్పటికీ ఏనుగును గురించి తెలుసుకొనడానికి ఏనుగును కొనవలసిన పని లేదు. పైగా పరస్పర విరుద్ధమైన గుణాలు ఒకేచోట చేరిన వస్తువు కనుక, మూల్యాంకనంలోని చిక్కులన్నీ ఇందులో స్పష్టంగా కనబడతాయి.

వాహన స్వరూపం

‘హైబ్రిడ్’ అనే మాట మన రైతులకు కొత్తది కాదు. హైబ్రిడ్ జొన్న, హైబ్రిడ్ పత్తి విత్తనాల ద్వారా అది గ్రామాలలో ఏనాడో స్థిరపడినది. రెండు రకాల పైరుల గుణాలను ఒకే విత్తనంలో చేర్చినట్లుగా, ఈ వాహనంలో పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ కలసి పనిచేస్తాయి. సాధారణ వాహనానికి బ్రేకు వేసినప్పుడు దాని చలనశక్తి వేడిగా మారి వృథా అవుతుంది. హైబ్రిడ్ వాహనంలో ఆ సమయాన మోటారే జనరేటరుగా తిరిగి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలో నిలువ చేస్తుంది. బండి మళ్ళీ కదిలేటప్పుడు ఆ నిలువ అక్కరకు వస్తుంది. కావున అడుగడుగునా ఆగుతూ సాగే నగర వీధులలో దీనివలన లాభం ఎక్కువ. ఆగకుండా దూసుకొనిపోయే రహదారిపై తక్కువ.

జనరల్ మోటార్స్ సంస్థ 2009 మోడలుగా అమెరికా విపణిలో ప్రవేశపెట్టిన కాడిలాక్ ఎస్కలేడ్ హైబ్రిడ్ ఇటువంటి వాహనాలకు చక్కని ఉదాహరణ. దాని ఇంజను 6 లీటర్ల పరిమాణం గల వి-8, శక్తి 332 అశ్వశక్తులు. దానికి తోడు 60 కిలోవాట్ల చొప్పున రెండు విద్యుత్ మోటార్లు, 300 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉండేవి. ఎనిమిది మంది కూర్చొనవచ్చును. బరువు రెండున్నర టన్నులకు పైమాటే. ధర 70 వేల డాలర్లను దాటినది. నగరంలో గ్యాలనుకు 20 మైళ్ళు, అనగా లీటరుకు సుమారు ఎనిమిదిన్నర కిలోమీటర్లు నడుస్తుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క కట్టినది.

ఇదే యంత్రాంగంతో తయారైన షెవర్లే టాహో హైబ్రిడ్ దీనికి తోబుట్టువు. 2007 నవంబరులో లాస్ ఏంజెలెస్ మోటారు ప్రదర్శనలో ‘గ్రీన్ కార్ జర్నల్’ అనే పత్రిక దానిని 2008 సంవత్సరపు హరిత వాహనంగా ప్రకటించినది. రెండు టన్నులకు మించిన బరువు, వి-8 ఇంజను గల వాహనానికి హరిత బహుమానమా అని ఆశ్చర్యపడినవారు లేకపోలేదు. నిపుణులు ఏ కొలతతో కొలిచినారో తెలియనిదే ఆ నిర్ణయం న్యాయమో అన్యాయమో చెప్పలేము. ఆ ప్రశ్నకు మరల వద్దాము.

మార్కులు వేసేవారెవరు?

అమెరికాలో ఒక వాహనానికి విలువ కట్టేవారు పలు తెగలవారు. మొదటివారు మోటారు పత్రికల రచయితలు. వీరు వాహనాన్ని కొన్ని గంటలో, కొన్ని రోజులో నడిపి తమ అనుభవాన్ని వ్రాస్తారు. రెండవవారు స్వతంత్ర పరీక్షా సంస్థలు. 1936లో స్థాపితమైన వినియోగదారుల సంఘం ప్రచురించే ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ వీటిలో ప్రసిద్ధమైనది. అది ప్రకటనలు స్వీకరించదు. పరీక్షించదలచిన కార్లను తన సొమ్ముతోనే కొంటుంది. మూడవది ప్రమాద పరీక్షలు చేసే సంస్థలు. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ నక్షత్రాలు ఇస్తుంది. బీమా కంపెనీలు 1959లో నెలకొల్పిన సంస్థ వేరుగా పరీక్షలు చేస్తుంది. నాలుగవవారు యజమానులు. వీరి అనుభవాలను కొన్ని సంస్థలు ప్రశ్నావళుల ద్వారా సేకరిస్తాయి.

వీరందరి అభిప్రాయాలను ఒకచోట చేర్చి ఒకే అంకెగా మలచే పని మరొక తెగవారిది. ‘యు.ఎస్. న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్’ సంస్థ 2007 నుండి ఈ విధంగా కార్లకు స్థానాలు ప్రకటిస్తున్నది. పలు పత్రికల సమీక్షల సారాన్ని, భద్రత, మన్నికలకు సంబంధించిన గణాంకాలతో కలిపి, పదికి ఇన్ని మార్కులని నిర్ణయించడం దాని పద్ధతి.

ఈ పద్ధతి వెనుక గట్టి తర్కమే ఉన్నది. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ‘నేచర్’ పత్రికలో ఒక విషయాన్ని ప్రకటించినాడు. ప్లిమత్ నగరంలో జరిగిన పశువుల ప్రదర్శనలో ఒక ఎద్దును చూపి, దానిని కోసి శుభ్రపరచిన తరువాత మాంసం ఎంత తూగుతుందో ఊహించమని పందెం పెట్టినారు. సరిగా పూరించిన 787 చీటీలను గాల్టన్ పరిశీలించినాడు. ఊహలన్నిటినీ వరుసగా పేర్చగా నడుమ నిలిచిన అంకె, అనగా మధ్యగతం, 1207 పౌండ్లు. అసలు తూకం 1198 పౌండ్లు. తేడా నూటికి ఒక వంతు కూడ లేదు! ఒకరు ఎక్కువ చెప్పిన పొరపాటును మరొకరు తక్కువ చెప్పిన పొరపాటు సరిపెట్టినది.

అయితే అక్కడ అందరూ కొలచినది ఒక్కటే వస్తువు, ఒక్కటే గుణం - తూకం. దానికి ఒక నిజమైన జవాబు ఉన్నది. వాహనపు మంచి చెడ్డలకు అటువంటి తక్కెడ లేదు. చిక్కంతా ఇక్కడనే మొదలవుతుంది.

ఒకే మొత్తం, రెండు వాహనాలు

ఊహకొరకు రెండు వాహనాలను తీసుకొందాము. మొదటిది శక్తిమంతమైన సాధారణ విలాస వాహనం, రెండవది హైబ్రిడ్. అయిదు అంశాలలో పదేసి మార్కులకు నిపుణులు ఇట్లు వేసినారనుకొందాము. మొదటి దానికి సౌఖ్యంలో 9, వేగశక్తులలో 9, ఇంధన పొదుపులో 4, భద్రతలో 8, ధర విషయంలో 5. రెండవదానికి అదే వరుసలో 8, 6, 8, 8, 5. కూడి చూడండి. రెండింటికీ మొత్తం 35. సగటు సరిగా 7. కాగితం మీద ఇవి కవలలు. వీధిలో మాత్రం ఒకదానికొకటి పోలిక లేని వాహనాలు.

ఇప్పుడు నిత్యం నగరంలో తిరిగే కుటుంబం ఒకటి ఇంధన పొదుపుకు రెట్టింపు ప్రాధాన్యం ఇచ్చినదనుకొందాము. అప్పుడు మొదటి వాహనం సగటు 6.5కు దిగుతుంది, హైబ్రిడ్ సగటు సుమారు 7.2కు ఎక్కుతుంది. పడవను వెనుక తగిలించుకొని కొండదారులలో లాగే మరొక కుటుంబం వేగశక్తులకు రెట్టింపు ప్రాధాన్యం ఇచ్చినట్లయితే మొదటిది 7.3 అవుతుంది, హైబ్రిడ్ 6.8 అవుతుంది. వాహనాలలో మరమేకు కూడ మారలేదు. నిపుణుల మార్కులలో ఒక్కటీ మారలేదు. గెలుపు ఓటములు మాత్రం తారుమారైనవి. గణాంక శాస్త్రంలో ఈ ప్రాధాన్యాలను ‘భారాలు’ అంటారు, ఆ సగటును ‘భారిత సగటు’ అంటారు. మొత్తాన్ని ప్రకటించేవాడు తెలిసో తెలియకో తన భారాలను మన నెత్తిన పెడుతున్నాడు. అన్నింటికీ సమాన భారం ఇచ్చినానని చెప్పేవాడు సైతం ఒక నిర్ణయం చేసినవాడే.

భారాలు మనిషిని బట్టియే కాదు, కాలాన్ని బట్టి కూడ మారుతాయి. ఎస్కలేడ్ హైబ్రిడ్ వెలువడిన 2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు ధర గ్యాలనుకు నాలుగు డాలర్లను దాటినది. ఆ యేడు డిసెంబరు నాటికే అది రెండు డాలర్లకు దిగువకు పడిపోయినది. వేసవిలో నిపుణుడు ‘పొదుపు’ అనే గడిలో వేసిన మార్కు చలికాలంలోనూ అదే. దాని విలువ మాత్రం కొనుగోలుదారుని దృష్టిలో సగానికి సగం కరిగిపోయినది. పెద్ద ధర, తగ్గిన పెట్రోలు వెల, కమ్ముకొన్న ఆర్థిక మాంద్యం - ఇన్ని కలసిన స్థితిలో ఆ వాహనం ఎక్కువగా అమ్ముడుపోలేదు. 2013 మోడలుతో దాని తయారీ ఆగిపోయినది.

పరీక్షకుని చేయి

సమాధాన పత్రాలు దిద్దిన అధ్యాపకులకు ఒక సంగతి తెలుసు. కొందరి చేయి పెద్దది, కొందరి చేయి చిన్నది. మోటారు నిపుణులూ ఇందుకు అతీతులు కారు. ఒక పరీక్షకుడు ఎంత మంచి వాహనానికైనా 8కి మించి వేయడు, ఎంత నాసిదానికైనా 7కు తగ్గించడు అనుకొందాము. మరొకడు 3 నుండి 9 వరకు స్వేచ్ఛగా వేస్తాడు. ఈ ఇద్దరి మార్కులను కలిపి సగటు తీసినట్లయితే, మొదటివాని దృష్టిలో మంచికీ చెడుకూ గల యావత్తు తేడా ఒక్క మార్కు. రెండవవాని దృష్టిలో ఆరు మార్కులు. అనగా పేరుకు ఇద్దరు పరీక్షకులు, నిర్ణయం మాత్రం ఒక్కనిదే.

దీనికి గణాంక శాస్త్రం మార్గం చూపినది. ప్రతి పరీక్షకుని మార్కునుండి అతని సొంత సగటును తీసివేసి, అతని ప్రామాణిక విచలనంతో భాగించాలి. అప్పుడు ‘ఈ వాహనం తన పరిపాటికంటె ఎంత మేలని ఇతడు భావించినాడు’ అనే విషయం తేలుతుంది. ఆ తరువాతనే కూడిక. మార్కులకు మారుగా వరుస స్థానాలను తీసుకొనడం మరొక మార్గం.

ఖాళీ గడుల సమస్య ఇంకొకటి. చాలా ఖరీదుగల, తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే వాహనాలకు కొన్ని సందర్భాలలో ప్రమాద పరీక్షలు జరుగనే జరుగవు. పరీక్షకు హాజరుకాని విద్యార్థికి సున్న వేయడం ఒక పద్ధతి. ఆ పేపరును లెక్కలోనుండి తొలగించి మిగిలిన వాటి సగటు తీయడం మరొక పద్ధతి. రెండవ పద్ధతిలో, భద్రత ఎంతో తెలియని వాహనం సైతం మంచి సగటుతో ముందు వరుసలో నిలువవచ్చును. ఖాళీ గడిని ఖాళీగా చూపడమే నిజాయితీ.

నక్షత్రాల విషయంలోనూ ఒక హెచ్చరిక ఉన్నది. ముందువైపు ఢీకొనే పరీక్షలో వచ్చిన నక్షత్రాలను 250 పౌండ్ల లోపు బరువు తేడా గల వాహనాల మధ్యనే పోల్చవలెనని అమెరికా ప్రభుత్వ సంస్థయే చెబుతున్నది. కనుక చిన్న కారుకు వచ్చిన అయిదు నక్షత్రాలూ, రెండున్నర టన్నుల వాహనానికి వచ్చిన అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. మన దేశంలో 2023 అక్టోబరు 1న ఆరంభమైన ‘భారత్ ఎన్‌క్యాప్’ పథకంలో పెద్దల రక్షణకు వేరుగా, పిల్లల రక్షణకు వేరుగా నక్షత్రాలు ఇచ్చే ఏర్పాటు చేసినారు. రెండింటినీ ఒకటిగా కలిపివేయకపోవడం మెచ్చుకొనదగిన విషయం. పిల్లలు గల తండ్రి ఏ నక్షత్రాలను చూడవలెనో దానివలన తెలుస్తుంది.

సాక్షుల సంఖ్య, సాక్షుల స్వాతంత్ర్యం

గాల్టన్ లెక్క అంత సరిగా కుదరడానికి మరొక కారణం ఉన్నది. పందెగాండ్రు ఎవరి చీటీని వారు వ్రాసి ఇచ్చినారు. ఒకరి ఉపన్యాసం విని మరొకరు ప్రభావితులు కాలేదు. 1785లో ఫ్రెంచి గణితజ్ఞుడు కొండార్సే నిరూపించిన సూత్రం సారాంశమూ ఇదే. ప్రతి న్యాయనిర్ణేతా తప్పు చెప్పడంకంటె ఒప్పు చెప్పే అవకాశం కొంచెమైనా ఎక్కువగా ఉండి, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చెప్పినప్పుడు, సంఖ్య పెరిగినకొద్దీ అధిక సంఖ్యాకుల తీర్పు సత్యానికి దగ్గరవుతుంది. ‘సంబంధం లేకుండా’ అనే షరతు పోయినచో సూత్రమూ పోతుంది.

ఈ సూక్ష్మాన్ని ఇస్లామీయ విద్వాంసులు హదీసు శాస్త్రంలో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే గుర్తించినారు. ఒక వార్తను ప్రతి తరంలోనూ ఎందరో చెప్పి, వారందరూ కూడబలుక్కొని అసత్యమాడడం అసంభవమైనప్పుడు దానిని ‘ముతవాతిర్’ అన్నారు. ఈనాడు వందమంది చెబుతున్నప్పటికీ, వెనుకకు పోగా అది ఏదో ఒక తరంలో ఒక్కని నోటనే నిలిచినట్లయితే దానిని ఆ కోవలో చేర్చలేదు. అటువంటి వార్తను త్రోసివేయలేదు; ఆ ఒక్కడు ఎవరు, ఎంత నమ్మదగినవాడు అని విచారించినారు. వారు లెక్కించినది నోళ్ళను కాదు, మూలాలను.

ఈ గీటురాయిమీద వాహన సమీక్షలను గీచి చూడండి. కొత్త వాహనం విడుదలైనప్పుడు తయారీ సంస్థలు పత్రికా రచయితలను ఆహ్వానిస్తాయి. అందరికీ ఒకే తరహా బండ్లు, ఒకే దారి, ఒకే ఋతువు, చేతికి ఒకే వివరణ పత్రం. ఆ పర్యటన తరువాత ఇరవై పత్రికలలో ఇరవై సమీక్షలు వెలువడవచ్చును. అవి ఇరవై సాక్ష్యాలని చెప్పడం కష్టం. ఒకే కిటికీలోనుండి ఇరవై మంది చూచిన దృశ్యమని చెప్పడం న్యాయం. దానికంటె, తన సొమ్ముతో బండిని కొని నెలల తరబడి నడిపిన ఒక్క పరీక్షకుడు, వేల సంఖ్యలో యజమానుల మన్నిక వివరాలు - ఈ రెండే సాక్ష్యాలైనప్పటికీ బరువైనవి.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. వారం రోజులు నడిపినవానికి సీటు మెత్తదనం తెలుస్తుంది. బ్యాటరీ ఎనిమిదేళ్ళకు ఎట్లా ఉంటుందో యజమానికే తెలుస్తుంది. ఎస్కలేడ్ హైబ్రిడ్ ప్రత్యేక భాగాలకు తయారీ సంస్థ ఇచ్చిన హామీ 8 సంవత్సరాలు లేక లక్ష మైళ్ళు. నిపుణుల మార్కులన్నీ దాదాపు ఆ గడువులోని మొదటి నెలలకు చెందినవే.

మైలేజీ మాయ

ఇక హరిత బహుమానం సంగతి. ఇక్కడ పొరపాటు నిపుణులదా, ఆశ్చర్యపడినవారిదా?

మనం మైలేజీని లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పుకొంటాము. సాధారణ టాహో నగరంలో గ్యాలనుకు 14 మైళ్ళు నడిస్తే, హైబ్రిడ్ టాహో 21 మైళ్ళు నడిచినది. మన లెక్కలో ఇంచుమించు లీటరుకు 6 నుండి 9 కిలోమీటర్లకు పెరిగినది. మూడు కిలోమీటర్ల లాభమేమి లాభమని తోస్తుంది. దీని ప్రక్కన లీటరుకు 20 నుండి 30 కిలోమీటర్లకు పెరిగిన చిన్న కారును నిలబెట్టండి. పది కిలోమీటర్ల పెరుగుదల! చూడగానే చిన్న కారుదే ఘనవిజయమనిపిస్తుంది.

ఇప్పుడు రెండు బండ్లూ 900 కిలోమీటర్లు తిరిగినవనుకొని పెట్రోలు లెక్క వేయండి. పెద్ద బండికి పూర్వం 150 లీటర్లు కావలసి ఉండగా ఇప్పుడు 100 లీటర్లు చాలును. మిగులు 50 లీటర్లు. చిన్న కారుకు పూర్వం 45 లీటర్లు, ఇప్పుడు 30. మిగులు 15 లీటర్లు మాత్రమే. కన్ను చెప్పిన తీర్పును లెక్క తలక్రిందులు చేసినది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే పరిశోధకులు 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ భ్రమను వివరించినారు. దూరాన్ని స్థిరంగా ఉంచి ఇంధనాన్ని లెక్కించడమే దీనికి విరుగుడు. 2013 మోడలు కార్ల నుండి అమెరికా ప్రభుత్వం తప్పనిసరి చేసిన చీటీమీద నూరు మైళ్ళకు ఎన్ని గ్యాలన్లో కూడ ముద్రిస్తున్నారు.

కనుక ‘పెద్ద బండి తప్పనిసరి అయినవారికి ఏది మేలు?’ అన్నది ప్రశ్న అయినప్పుడు హైబ్రిడ్‌కు ఇచ్చిన గౌరవం సమంజసమే. కాని ‘అసలు పెద్ద బండి కావలెనా?’ అన్నది ప్రశ్న అయినప్పుడు జవాబు వేరు. అదే 900 కిలోమీటర్లకు ఆ హైబ్రిడ్ 100 లీటర్లు త్రాగితే, హైబ్రిడ్ కాని చిన్న కారు 45 లీటర్లతో సరిపెట్టుకొంటుంది. భారీ వాహనాలను భారీ వాహనాలతోనే పోల్చి స్థానాలు ఇచ్చే పట్టికలో ఈ రెండవ ప్రశ్నకు గడియే ఉండదు.

హైబ్రిడ్ అన్నంతమాత్రాన పొదుపే లక్ష్యమనుకొనడం కూడ పొరపాటు. 2024 అక్టోబరులో ప్రకటించిన లెక్సస్ ఎల్.ఎక్స్. 700హెచ్ అనే భారీ విలాస వాహనంలో విద్యుత్ మోటారు చేరినందువలన శక్తి 457 అశ్వశక్తులకు పెరిగినది. మోటారు లేని దాని సోదర వాహనం ఎల్.ఎక్స్. 600 శక్తి 409. ఇక్కడ మోటారు పొదుపు చేసే ఇల్లాలి పాత్రకంటె, బరువు లాగే రెండవ ఎద్దు పాత్రనే ఎక్కువగా పోషిస్తున్నది. ‘హైబ్రిడ్’ అనే ఒకే పేరు క్రింద రెండు వేరు ఉద్దేశాలు ఉన్నవని గ్రహించనివాడు రెండింటినీ ఒకే గడిలో వేసి పోలుస్తాడు.

ఎవరిని అడగలేదు?

అన్నింటికంటె ముఖ్యమైన విషయం చివరకు మిగిలినది. ఇంతవరకు చెప్పిన నిపుణులలో అత్యధికులు వాహనం లోపల కూర్చొని మార్కులు వేసినవారే. వాహనం బయట నిలిచినవానిని ఎవరు అడిగినారు?

అమెరికాలో బీమా సంస్థల రహదారి భద్రతా సంస్థ 2023 నవంబరులో ఒక పరిశోధన ఫలితాన్ని వెల్లడించినది. ముందు బానెట్ ఎత్తు 40 అంగుళాలకు మించిన వాహనాలు పాదచారులను ఢీకొన్నప్పుడు, 30 అంగుళాలు లేక అంతకు తక్కువ ఎత్తు గల, వాలుగా ఉండే ముందుభాగం కల వాహనాలతో పోల్చితే, ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ అని తేలినది. ‘ఎత్తుగా కూర్చొని దారినంతా ఏలినట్లుంటుంది’ అని లోపలివాడు మెచ్చుకొని వేసిన మార్కు, బడికి నడిచిపోయే పిల్లవాని దృష్టిలో తీసివేయవలసిన మార్కు. చాలా పట్టికలలో ఆ పిల్లవానికి గడి లేదు. గడి లేనివాని నష్టం సగటులోకి రాదు. ఎందరు నిపుణులను చేర్చినప్పటికీ, అందరూ ఒకే వైపు కూర్చొన్నవారైనప్పుడు, వారి సంఖ్య ఈ లోపాన్ని పూడ్చలేదు.

దీపం ఎక్కడ ఉన్నది?

అయితే ఈ సమష్టి మార్కులను పారవేయవలసిందేనా? అది కూడ తొందరపాటే. ఒక్కని అభిమానమో ద్వేషమో మనలను త్రోవ తప్పించకుండా పలువురి అభిప్రాయాలు కాపాడుతాయి. వందలాది వాహనాలలో పరిశీలించదగిన నాలుగింటిని ఏరి ఇవ్వడానికి ఆ మొత్తం ఎంతో ఉపకరిస్తుంది. ఆ నాలుగింటిలో ఒకదానిని ఎన్నుకొనడానికి మాత్రం అది చాలదు. అక్కడినుండి పట్టికను విప్పి, విడి విడి గడులను చదువవలెను. నాకు దేనికి ఎంత ప్రాధాన్యం అని ముందుగా వ్రాసుకొని, ఆ భారాలతో మనమే మరల సగటు వేయవలెను. సగటుతోపాటు నిపుణుల మధ్య ఎంత భేదం ఉన్నదో చూడవలెను. అందరూ 7 వేసిన వాహనమూ, సగం మంది 10, సగం మంది 4 వేసిన వాహనమూ సగటులో ఒకటే అయినా స్వభావంలో ఒకటి కావు. సాక్షులు ఎందరని కాక, మూలాలు ఎన్ని అని విచారించవలెను. గడి లేనివారు ఎవరని అడుగవలెను.

రూమీ చెప్పిన దీపం ఇదే. తడిమేవారి సంఖ్యను పెంచినంతమాత్రాన చీకటి తొలగదు. వారి జవాబులను కూడి భాగించినా తొలగదు. ఎవరు ఏ భాగాన్ని, దేనితో, ఎందుకు తడిమినారో తెలిసినప్పుడు స్తంభం కాలుగా, చేట చెవిగా, తాడు తోకగా తమ తమ చోట్లలో అమరి ఏనుగు కనబడుతుంది.

మన విద్యార్థినీ విద్యార్థులకు ఈ విషయం మోటారు వాహనాలతో ముగిసేది కాదు. వారు పరీక్షలలో, ఇంటర్వ్యూలలో, ఉద్యోగాలలో జీవితమంతా ఏదో ఒక మొత్తం చేత కొలువబడుతూనే ఉంటారు. రేపు వారే అధ్యాపకులుగా, అధికారులుగా, సంఘ సభ్యులుగా ఇతరులను కొలుస్తారు. ఉపకార వేతనానికి ఒకరిని ఎంపిక చేసే కమిటీ ముందు ఇద్దరు విద్యార్థులు సమానమైన మార్కులతో నిలిచినప్పుడు, ఆ రెండు ‘ఏడు’లు ఒకే ఏడు కాకపోవచ్చునని గుర్తుంచుకొని, గడులను విప్పి చూచే ఓపిక మనకు ఉండవలెను. ఇంటి దీపం క్రింద చదివినవాని ఏడూ, వీధి దీపం క్రింద చదివినవాని ఏడూ జాబితాలో ఒకే విధంగా ముద్రితమవుతాయి. ఆ తేడాను చూడగలిగే బాధ్యత జాబితాది కాదు, చదివేవానిది.